అమెరికా జట్టులో పొడుగమ్మాయి

పోయిన నెల మోకాలు చూపించుకోవడానికి వెళ్ళాను. శాన్ రామన్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న క్లినిక్. డాక్టరు తెలుగువాళ్ళ పిల్లే, ఇక్కడే పుట్టి పెరిగింది. నా పేరు చూడగానే తెలుగులో పలకరించింది. ఎక్స్‌రే తెర మీద పెట్టి కాసేపు తల అటూ ఇటూ వంచి చూసి, "ఆంటీ, మీరు యంగ్‌గా ఉన్నప్పుడు ఏదైనా స్పోర్ట్ ఆడారా? ఈ లెగ్ చాలా హార్డ్‌గా వర్క్ చేసింది" అంది.

"నెట్‌బాల్ ఆడానమ్మా."

"ఓ, బాస్కెట్‌బాల్!"

"కాదు, నెట్‌బాలే. అమెరికా నేషనల్ టీమ్‌లో ఆడాను."

ఆ పిల్ల కుర్చీ నా వైపు తిప్పింది. "నో వే! జోక్ చేస్తున్నారా ఆంటీ?" అంది. ఏభై దాటిన, నెరిసిన జుట్టు ముడివేసుకున్న, చేతిసంచీలో గోంగూర కట్టలు పెట్టుకుని కూర్చున్న మనిషిని చూసి ఎవరైనా అలాగే అంటారు. నేనేమీ నొచ్చుకోలేదు. నా ఆట సంగతి చెప్పినప్పుడల్లా ఇలాంటి ముఖాలు చూడటం నాకు అలవాటే, పైగా సరదా కూడా. జోకు కాదని చెప్పి, ఆట ఎలా ఉంటుందో అక్కడే చేతులతో చూపించాను. జట్టుకి ఏడుగురు. ఒక్కొక్కరికి మైదానంలో ఒక్కో హద్దు. బంతి చేతికందాక దాంతో నడవకూడదు, నేలకు కొట్టకూడదు, మూడు సెకన్లలో ఇంకొకరికి అందించాలి. చివర నిలువు గుంజకి ఒట్టి ఇనప రింగు ఉంటుంది, వెనక చెక్క ఉండదు. ఆ రింగు కింద ఎదుటి జట్టు అమ్మాయి గోలు వేయకుండా అడ్డుపడే గోల్ కీపర్ని నేను. "సో, మీ జాబ్ ఆపడం!" అందా పిల్ల. సరిగ్గా పట్టుకుంది. కారెక్కి ఇంటికి వస్తున్నంతసేపూ నా కళ్ళకు కాలిఫోర్నియా కొండలు కనిపించలేదు. అమెరికా తూర్పు కొసన, పిస్కాటవేలో చిన్నప్పుడు మేమున్న రెండు గదుల అపార్ట్‌మెంటే కనిపించింది.

ఆ ఇంట్లో పోపు పెట్టడం ఒక పెద్ద కార్యక్రమం. నూనె కాగుతుండగానే అమ్మ వంటింట్లోంచి "తలుపులేసుకోండి!" అని కేక వేసేది. చలికోట్లున్న అలమర తలుపు ఒకరు, పడకగది తలుపు ఒకరు పరుగెత్తి మూసేవాళ్ళం. అప్పుడు గానీ ఆవాలు గిన్నెలో పడేవి కావు. అంత జాగ్రత్తపడ్డా బడిలో నా కోటు ఇంగువ వాసనే వేసేది. నాన్న మందుల కంపెనీలో కెమిస్టు. శనివారం పొద్దున వారం మొత్తానికి సరిపడా చొక్కాలు వరసగా ఇస్త్రీ చేసుకునేవాడు. ఇస్త్రీపెట్టెలోంచి ఆవిరి దానంతటదే వచ్చినా సరే, పక్కన చెంబులో నీళ్ళు పెట్టుకుని వేళ్ళతో చిలకరించేవాడు. వేడి నూలుబట్ట వాసన, దాని వెనకే నాయనమ్మ కాఫీ వాసన. నాయనమ్మ బాపట్ల నుంచి ఆరు నెలలకని వచ్చి ఉండిపోయింది. నాలుగయ్యేసరికి గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, కింద కార్లు ఆపుకునే చోట ఎవరొచ్చారో, ఎవరు వెళ్ళారో చూస్తూ పైకే చెప్పేది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా ఆ భవనంలో ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆవిడకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ మరుసటేడు పొడుగులో అమ్మను దాటాను, ఇంకో రెండేళ్ళకు నాన్నను దాటాను. మనవాళ్ళు ఎక్కడ కలిసినా ముందు నా పొడుగు గురించే. "ఏం పెడుతున్నారండీ పిల్లకి?" అని ఆంటీలు అడిగితే, అమ్మ అదేదో తన తప్పయినట్టు నవ్వేది. బయటికి వెళ్ళేటప్పుడు మెల్లిగా నా చెవిలో, "కాస్త ఒదిగి నడవవే" అనేది. నాయనమ్మ మాత్రం ఒప్పుకునేది కాదు. "ఎందుకే ఒదగడం? ఇంట్లో పై అరలు అందుకోవడానికి ఒక్కరన్నా ఉండద్దూ?" అని అమ్మ మీద కోప్పడేది. అలా కోప్పడుతూనే నా చేతులను గెడలనేది. బట్టలారేసే గెడలు.

ఇంత పొడుగున్న పిల్లను అమెరికా బడి ఊరికే వదులుతుందా? వ్యాయామం టీచరు పట్టుకెళ్ళి బాస్కెట్‌బాల్‌లో పెట్టింది. బంతిని నేలకు కొడుతూ పరుగెత్తమంటే, బంతి ఒక దారిన, నేనొక దారిన వెళ్ళేవాళ్ళం. వారం తిరక్కుండానే ఇంటికి పంపేశారు. పొడుగుంది గానీ ఎందుకూ పనికిరాలేదని ఆ రోజు అనుకున్నాను. అలా అనుకున్నది బహుశా ఆ ఒక్క చలికాలమే.

ఆ చలికాలంలోనే ఒక పొద్దున నాన్న కారు మీద మంచు పేరుకుంది. బ్రష్షు దొరక్క, చేతులు చాపి కారు పైకప్పు మొత్తం ఈ పక్క నుంచే తోసేస్తున్నాను. కింది వాటాలో ఉండే మిస్ వెర్నా రాత్రి డ్యూటీ ముగించుకుని అప్పుడే వచ్చింది. ఆవిడది జమైకా. ఆసుపత్రిలో హెడ్ నర్సు. నిటారుగా నడిచే మనిషి, గొంతు మా వాటా దాకా వినిపించేది. కారు దిగి తలుపు కూడా వేయకుండా నన్నే చూస్తూ నిలబడింది.

"ఏయ్ పొడుగమ్మాయీ! నీకు ఎగరడం వచ్చా?"

ఆవిడ ఇంగ్లీషు యాస నాకు సగమే అర్థమయ్యేది. "ఎక్కడికి?" అన్నాను.

ఆవిడ ఎంత గట్టిగా నవ్విందంటే, పైన కిటికీలో నాయనమ్మ ప్రత్యక్షమైంది.

తరవాతి ఆదివారం నన్ను తన కార్లో తీసుకెళ్ళింది. పక్క ఊళ్ళో ఒక బడి వెనక సిమెంటు నేల. చర్చి అయ్యాక కరీబియన్ దీవుల ఆడవాళ్ళంతా అక్కడికి చేరేవాళ్ళు. నర్సులు, టీచర్లు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు. పెద్ద పెద్ద టోపీలు తీసి కార్లలో పెట్టి, మడమల చెప్పులు విప్పి, బూట్లు వేసుకుని దిగేవాళ్ళు. ఇనప గుంజలు వాళ్ళే వ్యాన్ మీద కట్టుకుని తెచ్చుకునేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళల్లో ప్రతి ఆడపిల్లా ఆడే ఆటట అది. అమెరికాలో దాని పేరు ఎవరికీ తెలియదని వాళ్ళేమీ బెంగపడలేదు. బంతి నేలకు కొట్టక్కర్లేదని వినగానే నా ప్రాణం లేచొచ్చింది. మిస్ వెర్నా నన్ను రింగు కింద నిలబెట్టి, "బంతి వైపు చూడకు. బంతి విసిరే మనిషి వైపు చూడు. ఎటు విసరాలో ఆమె ముందే నిర్ణయించుకుని ఉంటుంది, ఆ సంగతి ఆమె భుజాలే నీకు చెబుతాయి" అంది. మూడోసారో నాలుగోసారో వచ్చిన బంతిని గాల్లోనే అందుకున్నాను. అటు జట్టూ ఇటు జట్టూ కూడా కేకలు వేశాయి. నేనేదో చేస్తే నలుగురు సంతోషంతో అరవడం నాకు అదే మొదటిసారి.

ఆట అయ్యాక గిన్నెలు విప్పేవాళ్ళు. రాజ్మా గింజలు వేసి కొబ్బరిపాలతో వండిన అన్నం నాకోసం విడిగా ఒక డబ్బాలో పెట్టి ఇచ్చింది మిస్ వెర్నా. మాంసం తగల్లేదని మరీ మరీ చెప్పింది. ఇంటికి తెస్తే నాయనమ్మ మూత తీసి వాసన చూసి, "కొబ్బరన్నమే కదే ఇది! మిరియాలు కూడా వేసినట్టున్నారు" అని ఒక ముద్ద నోట్లో వేసుకుంది. ఆ తరవాత నా ఆదివారాల గురించి మా ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నాయనమ్మ అననిచ్చేది కాదు. ఆ డబ్బా ఖాళీగా కిందికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఓ వారం పులిహోర, ఓ వారం గారెలు. నాయనమ్మకీ మిస్ వెర్నాకీ ఉమ్మడి భాష లేదు. అయినా మెట్ల దగ్గర నిలబడి గంటసేపు మాట్లాడుకునేవాళ్ళు.

కాలేజీలో రెండో ఏడాది చదువుతుండగా జాతీయ జట్టు ఎంపికలకు రమ్మని పిలుపొచ్చింది. ఎంపికలు ఫ్లోరిడాలో. వెళ్ళాను, ఆడాను, ఎంపికయ్యాను. అక్కడ మొదలైంది అసలు గొడవ. అమెరికా తరఫున బయటి దేశాల్లో ఆడాలంటే అమెరికా పాస్‌పోర్టు ఉండాలి. మాకందరికీ అప్పటికి గ్రీన్ కార్డులొచ్చి చాలా ఏళ్ళయింది. సిటిజన్‌షిప్‌కి అప్లై చేసే అర్హతా వచ్చింది. నాన్న చేయలేదు. ఎందుకు చేయలేదో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. ఆయన ఇండియా పాస్‌పోర్టు అలమరలో, దేవుడి పటాల కింద అరలో ఉండేది. ఇప్పుడు నేను వెళ్ళి నాది వదిలేస్తానంటున్నాను.

నాన్న కోప్పడలేదు. "నీ ఇష్టం" అన్నాడు. మా ఇంట్లో నాన్న నోట "నీ ఇష్టం" అంటే వద్దని అర్థం.

అమ్మ మాత్రం పైకే అనేసింది. "ఆట కోసం దేశం మార్చుకుంటారటే ఎవరన్నా? రేపు పెళ్ళయ్యాక ఎలాగూ మానేసే ఆటకి!"

"మానను" అన్నాను.

కిటికీ దగ్గర నుంచి నాయనమ్మ ఇటు తిరక్కుండానే అంది: "పెళ్ళయితే ఇంటిపేరు మారదా? గోత్రం మారదా? అప్పుడెవరూ అడ్డం పడరే! పైగా మేళం కూడా పెడతారు."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాన్న మాత్రం కదల్లేదు. రెండు వారాలు ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నాకు భయం వేసింది. ఆయన వద్దంటే వాదించగలను, అరవగలను. ఏమీ అనకుండా పేపరు చదువుకుంటున్న మనిషితో ఏం చేయాలో నాకు తెలియలేదు. జట్టువాళ్ళేమో ఎప్పటికల్లా చెబుతావని అడుగుతున్నారు. ఈ సంగతి తెలిసి మిస్ వెర్నా ఒక సాయంత్రం డ్యూటీ బట్టల్లోనే మా వాటాకు వచ్చింది. నాన్న మర్యాదగా కూర్చోబెట్టాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. కాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నాక నాన్నే అడిగాడు.

"మీరు మార్చుకున్నారా మేడమ్, మీ పాస్‌పోర్టు?"

"మార్చుకున్నాను. చెయ్యెత్తి ప్రమాణం చేసి ఇంటికొచ్చి, ఆ సాయంత్రం కూడా రోజూ వండే అన్నమే వండాను" అంది మిస్ వెర్నా. "మా అమ్మ బతికే ఉంది అప్పటికి. ఫోన్ చేసి చెప్తే, తిన్నావా లేదా అని అడిగింది. అంతే."

నాన్న కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు. తరవాత, "మా అమ్మాయి నిజంగా అంత బాగా ఆడుతుందా?" అని అడిగాడు. ఆయన నా ఆట ఎప్పుడూ చూడలేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది.

"మీ అమ్మాయి నిలబడితే రింగు కనపడదు" అంది ఆవిడ.

ఆ వారమే అప్లై చేశాను. కొన్ని నెలలకు సిటిజన్‌షిప్ ప్రమాణం చేసే రోజు వచ్చింది. పొద్దున లేచి చూస్తే నా లేత నీలం చుడీదారు, నేను అడక్కుండానే, ఇస్త్రీ అయి కుర్చీ మీద మడతపెట్టి ఉంది. కార్లో నెవార్క్ దాకా నాన్నే తీసుకెళ్ళాడు. హాల్లో చివరి వరసలో కూర్చున్నాడు. నేను చెయ్యెత్తినప్పుడు ఒకసారి వెనక్కి చూశాను. గుళ్ళో హారతప్పుడు నిలబడినట్టు, చేతులు ముందుకు కట్టుకుని లేచి నిలబడి ఉన్నాడు.

అలా మొదలై పదేళ్ళకు పైగా ఆడాను. జట్టులో నేనొక్కదాన్నే ఇండియన్ని. మిగతావాళ్ళంతా కరీబియన్ కుటుంబాల అమ్మాయిలు. ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవులు కూడబెట్టుకుని ఆడేవాళ్ళం. బస్సుల్లో పడుకున్నాం, చలిలో ఎక్కడో ఒక జిమ్ దొరికితే బాస్కెట్‌బాల్ వాళ్ళు ఖాళీ చేసేదాకా బయట నిలబడ్డాం. బార్బడోస్‌లో ఊళ్ళన్నీ వచ్చి చూస్తుంటే ఆడాం, ఇంగ్లండులో వానలో ఆడి చిత్తుగా ఓడాం. మనవాళ్ళ ఫంక్షన్లలో ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా?" అంటే, "అమెరికాకి ఆడుతున్నానండీ" అనేదాన్ని. ఎక్కువమంది "ఆఁ, ఉద్యోగం?" అని అడిగేవాళ్ళు. ఉద్యోగం కూడా ఉందని చెబితే ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

ఇప్పుడు మా శాన్ రామన్‌లో చూస్తుంటాను. ఏడేళ్ళ పిల్లలకు కూడా ఈతకొక కోచ్, టెన్నిస్‌కొక కోచ్. తల్లిదండ్రులు మడతకుర్చీలు వేసుకుని ప్రతి ఆటకూ కూర్చుంటారు, గెలిస్తే అందరికీ పిజ్జాలు. మా నాన్న నా ఆటలు మొత్తం మీద రెండు చూశాడేమో. ఇంట్లో నాయనమ్మను ఎవరు చూసుకుంటారనేవాడు. ఆ పిల్లల్ని చూసి నాకు అసూయేమీ లేదు. బాగా ఆడుతున్నారు, బాగా నిలబడుతున్నారు. కానీ వాళ్ళకు దొరకనిది నాకొకటి దొరికింది. నేనేం ఆడుతున్నానో మా ఇంట్లో ఎవరికీ తెలియదు కాబట్టి, ఎలా ఆడాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఓడి ఇంటికొస్తే నా మొహం చూసి ఎవరూ మార్కులు వేయలేదు, పప్పన్నం పెట్టారు. గెలిచినా అదే పప్పన్నం. మిస్ వెర్నా ఇప్పుడు జమైకాలో ఉంది. ఎనభై దాటినా ఫోన్లో గొంతు తగ్గలేదు. నాయనమ్మ పోయి చాలా కాలమైంది. నన్ను పెద్ద చేసింది ఎవరని ఎవరైనా అడిగితే, ఆ మెట్ల దగ్గర ఒకరికొకరి భాష రాకుండా కబుర్లు చెప్పుకున్న ఆ ఇద్దరి పేర్లే ముందు చెబుతాను.

ఆడిన ఆటలన్నీ కలిపి, ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెప్పగలిగేది ఒక్కటే. సింగపూర్‌లో ఒక పోటీ. రెండో ఆట ఇండియాతో. ముందు రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బావుంటుంది గానీ, హాయిగా పట్టింది. మర్నాడు సాయంత్రం మైదానంలోకి వెళ్ళి వరసలో నిలబడ్డాక మాత్రం, జనగణమన మొదలవగానే నా పెదాలు వాటంతటవే కదిలాయి. పక్కనున్న మా జట్టు అమ్మాయి మోచేత్తో పొడిచింది. పొడిస్తే పొడిచింది, చివరిదాకా పాడాను. తరవాత మాది కూడా పాడాను.

ఆట మొదలైన కాసేపటికి నాకొక విచిత్రం తెలిసింది. వాళ్ళలో రింగు దగ్గర గోలు వేసే అమ్మాయి పేరు స్వరూప, ఆమెకు బంతి అందించే అమ్మాయి లత. ఇద్దరూ తెలంగాణ వాళ్ళు. ఎదుటివాళ్ళకు అర్థం కాకూడదని ఆట మధ్యలో తెలుగులో అరుచుకుంటున్నారు!

"ఎనకకు ఉరుకు, పైనుంచి ఏస్త!" అని లత అరుస్తుంది. నేను అప్పటికే వెనక్కి వెళ్ళి ఉంటాను. బంతి నా చేతుల్లో పడుతుంది.

"గిట్ల కాదు, ముంగటికి ఏయ్!" అని స్వరూప అంటుంది. నేను ముందుకు దూకుతాను.

సగం ఆట అయ్యేసరికి మేం బాగా ముందున్నాం. మిస్ వెర్నా మా జట్టుకి మేనేజరుగా వచ్చింది. నీళ్ళ సీసా అందిస్తూ, "నీకేమన్నా దేవుడు పూనాడా? బంతి ఎటొస్తుందో ముందే తెలిసిపోతోంది" అంది. సంగతి చెప్పాను. ఆవిడ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వి, "చివరిదాకా నోరు మూసుకో" అని హెచ్చరించింది.

మూసుకుందామనే అనుకున్నాను. ఆటకు నాలుగు భాగాలు; మూడో భాగంలో స్వరూపకు రింగు కింద బంతి దొరికింది. గురి చూస్తోంది. నేను నియమం ప్రకారం మూడడుగుల దూరంలో నిలబడి రెండు చేతులూ ఆమె మీదికి చాపాను. ఆమె విసుగ్గా లతతో, "గీ అమెరికాదాని చేతులు జూడే, గెడల్లెక్క ఉన్నయ్!" అంది.

నా వల్ల కాలేదు. "మా నాయనమ్మ కూడా అచ్చం అదే మాట అంటుంది" అన్నాను, తెలుగులో.

స్వరూప బంతి పట్టుకుని అలాగే బిగుసుకుపోయింది. కళ్ళు ఇంతింత చేసుకుని నన్నే చూస్తోంది. మూడు సెకన్లు దాటిపోయాయి. అంపైరు విజిల్ వేసింది. "అయ్యో, గిదెక్కడి లొల్లే! గీమెకు తెలుగొస్తది!" అని లతకు అరిచి, తనే పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. మా జట్టులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. పక్కన మిస్ వెర్నా తల పట్టుకుంది.

అక్కడి నుంచి అసలు ఆట మొదలైంది. వాళ్ళు హిందీలోకి మారారు, ఆ తరవాత సైగల్లోకి మారారు. నాకిక చెవులతో పని లేదు, భుజాలే చూడాలి. స్వరూప ఎంత చురుకైనదో అప్పుడు తెలిసింది. అటు వెళ్తున్నట్టు చూపించి ఇటు తిరిగేది. వరసగా గోలు మీద గోలు వేసింది. మా ఆధిక్యం కరిగిపోయి, చివరి నిమిషంలో రెండు జట్లూ సమానమయ్యాయి. నోరు విప్పి తప్పు చేశానా అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అంత బాగా ఆడే మనిషి మీద ఆడటం కంటే ఏం కావాలి? అప్పుడు లత ఎడమ భుజం కొంచెం దించింది. అంతే. ఎందుకో తెలియదు గానీ, బంతి కుడివైపు పైనుంచి వస్తుందని నాకు తెలిసిపోయింది. ఎగిరాను. వేలి చివర్లకు తగిలిన బంతిని లాగి పట్టుకుని, దిగీ దిగకముందే మావాళ్ళకు విసిరాను. అటు చివర మా జట్టు అమ్మాయి గోలు వేయడం, గంట మోగడం ఒక్కసారే అయ్యాయి.

ఆట అయ్యాక స్వరూప నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "అక్కా, ముందుగాల్నే చెప్పొచ్చు గదా! ఎన్ని బంతులు గుంజుకున్నవే!" అంది. ఇద్దరం సిమెంటు మెట్ల మీద కూర్చుని, లత తెచ్చిన సకినాలు తిన్నాం. మా నాయనమ్మ గురించి మొత్తం చెప్పించుకున్నారు.

తరవాత హోటల్‌కి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను. పిస్కాటవేలో అప్పుడు పొద్దున్న. మొదటి రింగుకే నాన్న ఎత్తాడు, ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నట్టున్నాడు.

"ఎవరు గెలిచారమ్మా?"

"మేం గెలిచాం నాన్నా."

"మేం అంటే?" అన్నాడు. వెటకారం కాదు, నిష్ఠూరం కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"అమెరికా, నాన్నా. ఒక్క గోలు తేడా."

"ఇండియా పిల్లలు బాగా ఆడారా?"

"చాలా బాగా ఆడారు. ఇద్దరు తెలుగువాళ్ళు కూడా ఉన్నారు."

"మరి నువ్వో?"

"నేను వాళ్ళకంటే బాగా ఆడాను."

నాన్న నవ్వాడు. అంత పెద్దగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. ఫోను పక్కకు జరిపి లోపలికి కేకేయడం వినిపించింది. "అమ్మా! మన పిల్ల గెలిచిందే!"

వెనక నుంచి నాయనమ్మ గొంతు. "ఎవరి మీద రా?"

"మన మీదే!" అన్నాడు నాన్న.